నేల కింది నిమ్ము

రెండువేల పదకొండు ఏప్రిల్లో కింది గదికి కొత్త నేల వేయించాలనుకున్నప్పుడు కూతురూ అల్లుడూ ధనమ్మని ఒక్క మాట అడగలేదు. అడగాలని వాళ్ళకి తోచలేదు. గుంటూరులో ఇరవై ఆరేళ్ళు నెత్తిన కాంక్రీటు మోసిన మనిషి ఇంట్లోనే ఉండగా, ఇద్దరూ సోఫాలో కూర్చుని కంప్యూటర్లో బొమ్మలు చూసి నేల ఎంచుకున్నారు. చూడ్డానికి టేకు చెక్కలా ఉంటుంది గానీ చెక్క కాదు. గట్టి అట్టకి చెక్క ఫొటో అంటించి, పైన గాజులాంటి పూత పూసిన పలకలు. ఒకదాని అంచు ఇంకొకదాని అంచులోకి దూర్చి తడితే టక్కున పట్టుకుంటాయి.

“ఒక్క రోజులో అయిపోద్దంటమ్మా,” అంది కూతురు పర్సిస్.

“ఒక్క రోజులో అయ్యేది నేలా, ఉప్మానా?” అంది ధనమ్మ.

ఆ విషయంలో ఆమెతో జరిగిన సంప్రదింపు అంతే.

అమెరికాలో షాంటిలీ అనే ఊళ్ళో వాళ్ళ ఇల్లు మూడంతస్తుల టౌన్‌హౌస్. అన్నిటికంటే కిందిది సగం భూమిలోకి దిగిన గది. ధనమ్మ ఆరేళ్ళ కిందట వచ్చినప్పుడు పైన కిటికీలున్న గది ఇస్తామంటే వద్దని, దాన్నే కోరుకుంది. పైన నడిస్తే నేల డొల్లగా మోగుతుంది, డబ్బా మీద నడిచినట్టు. కింద అయితే కార్పెట్ కింద కాంక్రీటు, కాంక్రీటు కింద భూమి. “మన దగ్గర స్లాబు నెత్తిమీద ఉంటది, వీళ్ళకి కాళ్ళ కింద ఉంటది. ఎక్కడో ఒకచోట ఉందిగా, అది చాలు,” అని చెల్లెలికి ఫోన్లో చెప్పింది. ఏడేళ్ళ మనవరాలు దెబోరా కూడా తన మంచం వదిలేసి అమ్మమ్మ పక్కనే పడుకోవడం మరిగింది.

పాత కార్పెట్ పీకేసిన రోజు కాంక్రీటు ఒట్టిగా బయటపడింది. పలకలు వేసేవాళ్ళు మర్నాడు గాని రారు. ఇంట్లో ఎవరూ లేరు. ధనమ్మ మేజోళ్ళు విప్పి దానిమీద నిలబడింది. చల్లగా ఉంది. కంటికి పొడిగానే కనిపిస్తోంది. గోడ వారగా వెళ్ళి, మోకాళ్ళ మీద వంగి, ముక్కు నేలకి దగ్గరగా పెట్టింది.

వచ్చింది. తడి సిమెంటు వాసన.



పదిహేడో ఏట ఏసుపాదాన్ని చేసుకున్నప్పుడు ధనమ్మ కాపురం మొదలైంది ఒక డాక్టరుగారి మేడలో. మేడంటే గోడలకి పూత పడలేదు, తలుపుల్లేవు, కిటికీలకి గోనెపట్టాలు. పగలు ఇద్దరికీ అక్కడే కూలి పని, రాత్రికి అక్కడే కాపలా. స్లాబు పోసిన మర్నాటి నుంచి దానిమీద ఇసకా సిమెంటూ కలిపి చిన్న చిన్న గట్లు కట్టి, వరిమళ్ళలా చేసి, మూడు వారాలు నీళ్ళు నిలబెట్టాలి. నీళ్ళు తగ్గితే స్లాబు పగుళ్ళిస్తుంది. ఆ నీళ్ళు పెట్టే పని ధనమ్మది. చంకన బిందె పెట్టుకుని, పిట్టగోడ లేని మెట్లు ఎక్కి దిగేది. స్లాబు తాగిన నీళ్ళు గోడల్లోకి దిగేవి. కింద చాప పరుచుకుంటే తెల్లారేసరికి చాప తడి, వీపు తడి. ఏసుపాదం నవ్వేవాడు. “ఆరిందాకా ఈ మేడ మనది ధనం. ఆరినాక వాళ్ళది,” అనేవాడు.

నిజమే. ఇల్లు ఆరితే సున్నాలు. సున్నాలు పడితే గృహప్రవేశం. ఆ ముందురోజే వీళ్ళు గిన్నెలు మూటగట్టుకుని ఇంకో తడి ఇంటికి వెళ్ళిపోయేవాళ్ళు. పర్సిస్ పుట్టింది ఒక లాయరుగారి ఇంటి మెట్ల కింద. ఏసుపాదానికి కామెర్లు ముదిరి ప్రాణం పోయింది పద్నాలుగో ఇంట్లో. ఆ ఇంటి స్లాబు మీద అప్పటికింకా నీళ్ళు నిలిచే ఉన్నాయి. శవాన్ని లేపినాక ధనమ్మ మేడెక్కి, తగ్గిన మళ్ళలో నీళ్ళు పోసి దిగింది. మిగిలిన కూలివాళ్ళు ఆమెకి మతి చెడిందనుకున్నారు.

ఆ తర్వాత పగలు కూలికి వెళ్ళినా, ఆమె కాపురమంతా పొడి ఇళ్ళలోనే గడిచింది. పాస్టరుగారు ఇప్పించిన గది, పర్సిస్‌ని చదివించేటప్పుడు అద్దెకున్న పెంకుటిల్లు, చివరికి ఈ అమెరికా. ఏసుపాదం ఫొటో ఒక్కటి కూడా లేదు. ఉన్నదల్లా ఆ వాసనేనని, అది తనకి కావలసి ఉందని, వాసన తగిలేదాకా ఆమెకే తెలియదు.

మర్నాడు ఇద్దరు మనుషులొచ్చి పల్చటి స్పాంజి చాప పరిచి, దానిమీద పలకలు బిగించుకుంటూ పోయారు. కాంక్రీటుకీ స్పాంజికీ మధ్య తేమని ఆపే ప్లాస్టిక్ పట్టా వేయలేదు. ధనమ్మ మెట్ల మీద కూర్చుని అది చూసింది. చూసి నోరు మెదపలేదు.

మే నెలలో వానలు పట్టాయి. కార్పెట్ ఉన్నన్నాళ్ళూ నేలలోంచి వచ్చే తేమ దాని సందుల్లోంచి గాలిలో కలిసిపోయేది, ఎవరికీ తెలిసేది కాదు. ఇప్పుడు పైన మూత పడింది. ఆ తేమ దారి వెతుక్కుంటూ గోడ వార పలక చివర్ల నుంచి రావడం మొదలుపెట్టింది. అల్లుడు ఆఫీసుకీ, కూతురు ఆస్పత్రిలో మందుల డ్యూటీకీ, పిల్ల స్కూలుకీ వెళ్ళిపోయాక ధనమ్మ ఆ గోడ పక్కన దిండు వేసుకుని పడుకునేది. బైబిలు తెరిచి పొట్టమీద బోర్లించుకునేది, చదువుతున్నట్టు. కళ్ళు మూసుకుంటే పైన మళ్ళలో నీళ్ళు నిలిచి ఉన్నట్టే, ఏసుపాదం కింద గోడకి చేరగిలబడి బీడీ ముట్టిస్తున్నట్టే ఉండేది.

ఇది నిమ్ము అని ఆమెకి తెలుసు. పలకలు ఉబ్బుతాయనీ తెలుసు. “నన్నడిగి వేశారా ఏందీ? అడగనోళ్ళకి చెప్పే అలవాటు నాకు లేదు,” అని తనకి తను చెప్పుకుంది. అది పైకి చెప్పుకున్న మాట. చెబితే తవ్వి మూసేస్తారని లోపల భయం.

జులై వచ్చేసరికి పలకల అంచులు వేయించిన అప్పడంలా లేచాయి. కీళ్ళ దగ్గర నల్ల గీతలు పడ్డాయి. మంచం దగ్గర నడిచిన చోటల్లా మెత్తగా దిగబడుతోంది.

ఇక్కడ ఒక పాత కథ చెప్పాలి. ధనమ్మ అమెరికా వచ్చిన మొదటి శనివారం, ఆదివారానికి ఇల్లు శుభ్రంగా ఉండాలని పై వంటింట్లో రెండు బకెట్ల నీళ్ళు గుమ్మరించి చీపురుతో బరబరా కడిగింది. నీళ్ళు పోవడానికి తూము ఉంటుందనుకుంది. తూము లేదు. నీళ్ళన్నీ నేలలోకి దిగి, కింది గది కప్పులోంచి దీపం మీదుగా కారాయి. ఆ సంగతి వాళ్ళు వెళ్ళే తెలుగు చర్చి అంతా పాకింది. పాస్టరమ్మ నళినిగారు ఇప్పటికీ కనిపిస్తే చాలు, “ఇంటికి బాప్తిస్మం ఇచ్చిన ధనమ్మగారు బాగున్నారా?” అంటుంది. ఆరేళ్ళయినా ఆ మాట చావలేదు.

కాబట్టి పలకలు లేవగానే ఇంట్లో అందరి చూపూ ఒకే వైపు తిరిగింది.

అల్లుడు షాలేం రాజు నెమ్మదస్తుడు. కోపం వచ్చినా సారీ చెప్పి కోప్పడే రకం. కంపెనీలో ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టే టెస్టింగ్ ఉద్యోగం. భోజనాల దగ్గర పెరుగు గిన్నె ఆమె వైపు జరుపుతూ అన్నాడు. “అత్తయ్యగారూ, కింద తుడిచేటప్పుడు ఏమన్నా కొంచెం వాటర్ ఎక్కువ యూజ్ చేస్తున్నారా?”

“నీళ్ళు తాగుతున్నానండీ అల్లుడుగారూ. నేలకి పొయ్యట్లా.”

“కాదు కాదు, ఊరికే అడిగాను.”

“ఊరికే అడిగితే ఊరికే చెప్పాను.”

శనివారం పొద్దున నేల అమ్మిన షాపు నుంచి మనిషి వచ్చాడు. మోకాళ్ళ మీద కూర్చుని, రెండు సూదులున్న మీటరు ఒకటి పలకల్లో గుచ్చి చూశాడు. ఒక్క పలక కూడా లేపలేదు. ఇంట్లో నేల ఎవరు తుడుస్తారని అడిగాడు. షాలేం రాజు ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. అందులో ‘మదరిన్‌లా’ అన్న మాట ధనమ్మ చెవిన పడింది. ఆ మనిషి ఆమె వైపు చూసి, చంటిపిల్లని చూసి నవ్వినట్టు నవ్వాడు.

“ఏమంటున్నాడే?” అని మనవరాలిని అడిగింది.

“అమ్మమ్మా, హీ సెడ్ వాటర్ పైనుంచి వచ్చింది అంట. సంబడీ పోసారు అంట. సో గ్యారంటీ లేదు అంట.” దెబోరా దగ్గరికి జరిగి, రహస్యంలా అడిగింది. “నువ్వేనా అమ్మమ్మా? ఇట్స్ ఓకే, నేను మమ్మీకి చెప్పను.”

పిల్ల మీద ఏం కోప్పడుతుంది? “నేను కాదు తల్లీ,” అంది.

ఆ సాయంత్రం పర్సిస్ కిందికొచ్చి తల్లి పక్కన కూర్చుంది. “అమ్మా, పోసుంటే పోశానను. ఎవరూ ఏమనరు. మాప్‌తో ఎట్టా తుడవాలో నేను చూపిస్తా.”

“పొయ్యలేదని చెప్పానుగా.”

“సరేలే.”

ఆ సరేలే ఒక్కటి ధనమ్మ పడలేకపోయింది. అబద్ధాలకోరు అన్నా పడేది, ఎదురు తిట్టి తేల్చుకునేది. సరేలే అంటే ముసలాళ్ళకి మతిమరుపు, వాళ్ళతో వాదనెందుకు అని. కట్టడం పనిలో ఉన్నన్నాళ్ళూ ఆమె పెట్టిన తడిని ఇంజనీర్లు కూడా మళ్ళీ చూసుకునేవాళ్ళు కాదు. ‘ధనమ్మ పెట్టిందిగా, ఇంకేం’ అనేవాళ్ళు. అలాంటిది ఇప్పుడు ఆమె మాటకి ఇంట్లో విలువ లేకుండా పోయింది.

ఒక్క పలక లేపి చూపిస్తే నిజం బయటపడుతుంది. పడ్డాక వాళ్ళు ఊరుకోరు. ఏదో పూసి, ఏదో కప్పి, ఆ తేమని కిందనే అణిచేస్తారు. మాట పడటం ఒక ఎత్తు, ఆ వాసన పోవడం ఒక ఎత్తు. మూడు వారాలు ధనమ్మ రెండిటి మధ్యా నలిగింది. చర్చిలో నళినిగారు, “ఈసారి కింది గదికి కూడా ఇచ్చారంటగా బాప్తిస్మం?” అని నవ్వితే అందరూ నవ్వారు. ధనమ్మ ప్లేటులో అన్నం కలుపుకుంటూ తలెత్తలేదు. ఆమె ఎదురుమాట అనకపోవడం చూసి, నిజమే కాబోలనుకున్నారు.

ఆగస్టులో దెబోరాకి దగ్గు పట్టుకుంది. మొదట జలుబన్నారు. వారం తిరిగేసరికి ఊపిరి తీస్తుంటే పిల్లికూతలు. డాక్టరు ఎక్స్‌రే తీయించాడు. పర్సిస్ ఇంటికొచ్చి, కాలిఫోర్నియాలో ఉన్న ఆడపడుచుకి ఫోన్ చేసి చెబుతోంది. “మన డెబీకి నిమ్ము చేసింది వదినా. యాంటీబయాటిక్ స్టార్ట్ చేశారు.”

ధనమ్మ పక్కనే బెండకాయలు కోస్తోంది.

నిమ్ము. గోడకి పట్టినా అదే మాట, పిల్ల రొమ్ముకి పట్టినా అదే మాట. మూడు నెలలుగా తను దాచుకున్నదాన్ని మనసులో ఆ పేరుతోనే పిలుచుకుంది. నేలకి మొహం ఆనించి తను పీల్చుకున్న గాలే, పక్కలో పడుకోబెట్టుకున్న పిల్ల కూడా పీల్చింది. దగ్గుకి కారణం ఆ గదేనని డాక్టరు అనలేదు. ధనమ్మకి ఆయన అననక్కర్లేదు. తడి ఇళ్ళలో పిల్లని పెంచిన మనిషి. మెట్ల కింద పుట్టిన పర్సిస్‌ని రెండేళ్ళు వచ్చేదాకా ఎన్నిసార్లు భుజాన వేసుకుని పెద్దాస్పత్రికి పరిగెత్తిందో, వాసన తలుచుకున్నప్పుడు అది తలుచుకోలేదు.

కత్తిపీట పక్కకి నెట్టి లేచింది. పిల్ల దిండూ దుప్పటీ పైగదిలో వేసొచ్చింది. అట్లకాడ పట్టుకుని కిందికి దిగింది.

గోడ వార మొదటి పలక సందులో అట్లకాడ దూర్చి ఎత్తితే కిర్రుమని లేచింది. పైన పొడి. వెనక్కి తిప్పితే నల్లగా బూజు, దెబ్బ తగిలిన చోట కమిలినట్టు. నాలుగు పలకలు లేపింది. స్పాంజి చాప పిండితే నీళ్ళు కారాయి. వాసన గుప్పున కొట్టింది. ఆమె ఆగకుండా చాప కోసి అవతల పారేసింది.

షాలేం రాజు వచ్చి చూసి, కాసేపు బుగ్గ గోక్కున్నాడు. “అంటే... పైన పోసిన వాటర్ సందుల్లోంచి కిందికి దిగినా ఇలాగే ఉంటుంది కదా అత్తయ్యగారూ?”

“ఉంటది,” అంది ధనమ్మ. “రెండు రోజులాగండి.”

రెండు రోజులు ఫ్యాను పెట్టి ఆ జానెడు కాంక్రీటునీ ఆరబెట్టింది. పాతగుడ్డతో అద్ది చూసింది, తడి అంటలేదు. అప్పుడు గాజు గిన్నె ఒకటి దానిమీద బోర్లించి, అంచు చుట్టూ చపాతీపిండి మెత్తింది, గాలి దూరకుండా. మర్నాటి పొద్దునకి గిన్నె లోపల చల్లటి కుండ మీద చెమటలా నీటిచుక్కలు కట్టాయి. అల్లుణ్ణి పిలిచింది.

అతను వంగి చూసి, మొహమాటపడుతూ అన్నాడు. “పిండిలో కూడా మాయిశ్చర్ ఉంటుంది కదండీ.”

“తెలుసు. పైకి రండి.”

వంటింటి రాతిగట్టు మీద ఇంకో గాజు గిన్నె బోర్లించి ఉంది. అదే ముద్దలోంచి తీసిన పిండి, అంతే మందాన, అదే వేళకి పెట్టింది. లోపల ఎక్కడో ఒక చిన్న ఆవిరి మచ్చ తప్ప గిన్నె తేటగా ఉంది.

“పిండి అక్కడా అదే, ఇక్కడా అదే. గిన్నె అక్కడా అదే, ఇక్కడా అదే. తేడా ఏందో మీరే చెప్పండి. తప్పులు పట్టే ఉద్యోగం మీదేగా.”

షాలేం రాజు ఒకసారి కిందికి వెళ్ళి చూశాడు, మళ్ళీ పైకొచ్చి చూశాడు. కంపెనీలో పదేళ్ళుగా జూనియర్లకి అతను చెప్పి చెప్పి అలసిపోయిన సంగతే అది. ఒక్కటి మార్చు, మిగతాదంతా అలాగే ఉంచు, అప్పుడు చూడు అని. “సారీ అత్తయ్యగారూ,” అన్నాడు. ఈసారి ఆ మాట వెనక కోపం లేదు. “ఇది మీకెలా తెలుసు?”

“ఏప్రిల్లోనే తెలుసు.”

స్టవ్ దగ్గరున్న పర్సిస్ ఇటు తిరిగింది. “ఏప్రిల్లోనే అంటే? తెలిసీ చెప్పలేదా?”

“చెప్పలా.”

“నా పిల్ల పడుకునే చోటమ్మా అది! మేము అడగలేదని పంతమా? అంత పంతమా నీకు?”

పంతమే అంటే సరిపోయేది. పంతం ఆమెకి పరువు తక్కువ కాదు. ధనమ్మ గిన్నె అంచున ఉన్న పిండిని గోటితో గీకింది. అది రాలేదు, ఎండిపోయింది.

“మీ నాన్న వాసన వచ్చిందే,” అంది.

పర్సిస్‌కి అర్థం కాలేదు. ధనమ్మ చెప్పింది. డాక్టరుగారి మేడ, మళ్ళలో నీళ్ళు, తడి చాప, లాయరుగారి మెట్లు. చెబుతుంటే ఆమెకే సిగ్గేసింది, దొంగతిండి తింటూ దొరికినట్టు. స్టవ్ మీద పప్పు మాడుతుంటే షాలేం రాజు వెళ్ళి కట్టేశాడు.

“అయిదేళ్ళు ఉన్నానుగా ఆ ఇళ్ళల్లో,” అంది పర్సిస్. “నాకెందుకు గుర్తు లేదమ్మా?”

“నీకు దగ్గే గుర్తుండాలి. మిగతాది నాది.”

ఇంకో కాంట్రాక్టరు వచ్చాడు. ఇతను కాంక్రీటుకి సన్నటి బెజ్జాలు పెట్టి, వాటిలో మీటరు దించి, మూడు రోజులు మూసి ఉంచి అప్పుడు లెక్క చూశాడు. ఇంటిచుట్టూ వాననీరు గోడ పునాదివైపే పారుతోందని, ఇల్లు కట్టినప్పుడు కాంక్రీటు అడుగున పరిచిన ప్లాస్టిక్ ఎప్పుడో చిరిగి ఉంటుందని చెప్పాడు. పలకలన్నీ పీకించి, బయట మట్టి వాలు మార్పించి, లోపల కాంక్రీటు మీద చిక్కటి బూడిదరంగు పూత రెండుసార్లు పోయించారు. పూత పోసే రోజు ధనమ్మ కిందికి వెళ్ళలేదు. దెబోరా కోలుకుని సోఫాలో బొమ్మలు వేసుకుంటుంటే పక్కన కూర్చుంది. పూత ఆరాక వెళ్ళి, గోడ మూల వంగి చూసింది. రంగుడబ్బా వాసన. వారానికి అదీ పోయింది.

ఆ ఆదివారం చర్చి భోజనాల్లో నళినిగారు నవ్వుతూ ఏదో అనబోతుంటే షాలేం రాజు అందుకున్నాడు. “లేదండీ, నీళ్ళు నేల కిందనుంచి వచ్చాయి. కనిపెట్టింది మా అత్తయ్యగారే. షాపువాడి మాట నమ్మి తప్పు చేసింది నేను.” నలుగురూ వినేలా గట్టిగానే అన్నాడు. నళినిగారు ధనమ్మకి ఇంకో గారె వేసింది. ధనమ్మ తింది. కోరుకున్న మాట దక్కింది. అయినా గారెలో ఉప్పు తక్కువైనట్టు అనిపించింది.

అక్టోబరులో ఒక శనివారం షాలేం రాజు, “ఇండియన్ గ్రోసరీకి వెళ్దాం రండి అత్తయ్యగారూ,” అని ఆమెని కార్లో ఎక్కించుకుని, షాపు దాటి ముందుకి పోనిచ్చాడు. రోడ్డు చివర చెట్లు కొట్టేసి కొత్త టౌన్‌హౌసులు కడుతున్నారు. ఇనప కంచె పక్కన కారాపి, ఆమె వైపు తలుపు తీశాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

కంచె అవతల పెద్ద కాంక్రీటు నేల, ఆ పొద్దున్నే పోసింది. ఇంకా ముదురు రంగులో ఉంది. ధనమ్మ స్వెట్టరు బిగించుకుని, కంచె కమ్మీలు రెండు చేతులా పట్టుకుని నిలబడింది. పచ్చటోపీ పెట్టుకున్న మనిషి వీపుకి డబ్బా తగిలించుకుని, పొలానికి పురుగుమందు కొట్టినట్టు నేలంతా తెల్లటి ద్రవం చల్లుకుంటూ వస్తున్నాడు. అది పడ్డ చోటల్లా కాంక్రీటు సున్నం వేసినట్టు తెల్లబడుతోంది. గాలి ఇటే వీస్తోంది.

“వచ్చిందా అత్తయ్యగారూ?” అడిగాడు షాలేం రాజు.

ఆమె ఇంకోసారి గట్టిగా పీల్చి చూసింది.

“రాలా. నీళ్ళు పెట్టడంలా వాళ్ళు. ఏదో మందు కొట్టి తడి లోపలే బిగిస్తన్నారు. ఏమయ్యోయ్!” అని కంచెలోంచి పచ్చటోపీని కేకేసింది. “నీళ్ళు పెట్టవా? మళ్ళు కట్టవా?” బిందె వంచినట్టు చేతులు వంచి చూపించింది. అతను నవ్వి, చెయ్యి ఊపి, చల్లుకుంటూ పోయాడు.

ధనమ్మ కంచె వదల్లేదు. తెల్లపూత ఈ కొస నుంచి ఆ కొసకి నిండేదాకా చూసింది. షాలేం రాజు వాచీ చూసుకుని, చూసుకోనట్టు చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

“పోదామా అత్తయ్యగారూ?”

“పోదాం.” కారెక్కి బెల్టు పెట్టుకుంది. పెట్టుకున్నాక ఎదురుగా రోడ్డునే చూస్తూ అంది. “షాపుకి తర్వాత పోదాం నాయనా. ఇంకెక్కడన్నా పోస్తన్నారేమో చూడు. నీళ్ళు పెట్టేవాడు ఒక్కడన్నా ఉండకపోడు. బండి తియ్యి.”